పదకొండున్నర వేల అడుగుల ఎత్తులో ఊపిరి



మన సంఘ కుటుంబాల పిల్లలు బెంగళూరు, హైదరాబాదు కంపెనీలలో ఉద్యోగాలకు చేరిన కొద్దీ మా ఓ.పి. విభాగానికి ఒక కొత్త ప్రశ్న వస్తోంది. "సిస్టరమ్మా, మావాడు వీపుకు బ్యాగు తగిలించుకొని లడఖ్ పోతానంటాడు. పంపించొచ్చా?" అని తల్లులు అడుగుతున్నారు. పుస్తకంలో చదివి చెప్పడం కంటే చూసి చెప్పడం మేలని, మొన్న జూన్ నెలలో మా నర్సింగ్ విభాగం నుండి నలుగురం లే పట్టణానికి వెళ్లివచ్చాము. ఇద్దరు రిటైరయినవారు, ఇద్దరు ఇంకా డ్యూటీలో ఉన్నవారు. అందరం యాభై దాటినవాళ్లమే. మా వీపులకూ బ్యాగులే, అయితే ఒక్కొక్కటి ఆరు కిలోలు మించకుండా ఇక్కడే తూకం వేసుకొని బయలుదేరాము.

మన అనంతపురం సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంది. మనవాళ్లు చల్లగాలికి వెళ్లే హార్స్‌లీ కొండలు 4,000 అడుగుల పైచిలుకు. లే పట్టణం 11,500 అడుగులు. కొండగాలి ఒంటికి మంచిదని మన పెద్దలు అంటారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగులకు శానిటోరియం కట్టిన కాలం నుండీ ఆ నమ్మకం మనలో ఉంది. ఆ ఎత్తులకు అది సరిపోయే మాటే. లేకు సరిపోదు.

కారణం చెబుతాము. గాలిలో ప్రాణవాయువు పాలు ఇక్కడా అక్కడా నూటికి 21 వంతులే. అయితే పైకి పోయే కొద్దీ గాలి పలచబడుతుంది. గోతాంలో వేరుశనగకాయలు కుక్కి నింపితే ఒక లెక్క, వదులుగా పోస్తే ఇంకొక లెక్క కదా. గోతాం అదే, కాయలు తక్కువ. లేలో ఒక్కొక్క ఊపిరికి మనకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందే దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. అక్కడికి దగ్గరలోని ఖార్‌దుంగ్ లా కనుమ మీద సగమే. ఆ కనుమ దగ్గర బోర్డు మీద 18,380 అడుగులని వ్రాసి ఫోటోలు తీయించేవారు గానీ, సరిగా కొలిచినవారు చెప్పే ఎత్తు 17,582 అడుగులు. ఊపిరితిత్తులకు అది కూడా చాలా ఎక్కువే.

శరీరం ఈ లోటుకు అలవాటు పడగలదు. ఊపిరి వేగం పెంచుతుంది, మూత్రం ఎక్కువగా పోస్తుంది, కొన్ని వారాలకు రక్తకణాలను పెంచుకుంటుంది. దానికి రోజులు కావాలి. మనం ఇచ్చేది గంటలు.

లేకు వెళ్లడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో దిగవచ్చు, అంటే ఏడు వందల అడుగుల నుండి పదకొండు వేలకు ఒక్క ఎగురు. మనాలి మీదుగా రోడ్డున పోయేవారు కొందరు సర్చు అనే చోట గుడారాలలో పడుకుంటారు. అది 14,000 అడుగులు, లే కంటే ఎత్తు. ఆ రాత్రి వాంతులు, తలనొప్పితో గడిపినవారు చాలామంది మాకు లేలో కనిపించారు. మూడవది శ్రీనగర్ దారి. మేము కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి, అక్కడి నుండి శ్రీనగర్ వెళ్లి (5,200 అడుగులు) ఒక రాత్రి, కార్గిల్‌లో (8,800 అడుగులు) ఇంకొక రాత్రి ఉండి లే చేరాము. నడుములు నొప్పి పుట్టిన మాట నిజమే. శరీరానికి మాత్రం మెట్లు మెట్లుగా ఎక్కినట్టయింది. మంచు పడే నెలల్లో ఈ రోడ్లు మూతపడుతుంటాయి కాబట్టి అప్పుడు విమానమే గతి. విమానంలో వెళ్లేవారు మొదటి రెండు రోజులు గది, భోజనం, నిద్ర తప్ప ఏమీ పెట్టుకోరాదు.

ఈ నియమం మన సైన్యం చాలా బాధపడి నేర్చుకున్నది. 1962 చైనా యుద్ధంలో మైదానాల సిపాయిలను ఉన్నపళంగా కొండలపైకి చేర్చవలసి వచ్చింది. ఆ కాలంలో జబ్బుపడిన 1,925 మంది సైనికులను పరిశీలించి, ఇందర్ సింగ్ అనే సైనిక వైద్యుడు, ఆయన తోటివారు 1969లో వ్రాసిన వ్యాసాన్ని ప్రపంచమంతటా వైద్యులు చదివారు. 9,000 అడుగులు దాటి వెళ్లే జవానుకు ఆరు రోజుల అలవాటు కాలం ఉంటుంది. మొదటి రెండు రోజులు విశ్రాంతి, తరువాత మెల్లని నడక, ఆ తరువాతే ఎక్కడం. తుపాకి మోసే ఇరవై యేండ్ల వానికే ఆ నియమం ఉంటే, కంప్యూటరు ముందు కూర్చునే మన పిల్లలకు ఎందుకు ఉండకూడదు?

మేము లేలో మొదటి రెండు రోజులు సంతలో మెల్లగా తిరిగాము, నీటి కాలువల పక్కన కూర్చున్నాము. ఆ కాలువల సంగతి అనంతపురం వారికి చెప్పక తప్పదు. మనకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దానినే కరువు అంటాము. లేలో పడేది 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అయినా బార్లీ పండుతుంది, ఆప్రికాట్ చెట్లు కాస్తాయి. కొండమీది మంచు కరిగిన నీటిని చిన్న చిన్న కాలువల్లో తెచ్చుకొని, వంతుల వారీగా మళ్లించుకుంటారు. వంతులు చూడటానికి ఊరిలో ఒకరిని పెట్టుకుంటారు, మన చెరువుల కింద నీరుగంటి ఉన్నట్టే. చిక్కల్లా విత్తనం వేసే ఏప్రిల్, మే నెలల్లో మంచు ఇంకా సరిగా కరగదు. చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు 1987 నుండి చలికాలపు వృథా నీటిని ఊరికి దగ్గరలో కట్టలు కట్టి గడ్డకట్టించడం మొదలుపెట్టాడు. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సోనమ్ వాంగ్‌చుక్ అదే నీటిని పైపులో దించి పైకి చిమ్మించి, స్తూపంలాగా మంచును నిలబెట్టాడు. మేము వెళ్లేసరికి జూన్ కదా, అవి కరిగి పొలాలలోకి పోయాయి. మా సిస్టర్లలో ఒకరి తండ్రి కళ్యాణదుర్గం వైపు రైతు. ఆమె కాలువ దగ్గర నుండి లేవడానికి ఒప్పుకోలేదు.

ఆదివారం మొరావియన్ సంఘం వారి ఆరాధనకు వెళ్లాము. 1885లో వారు లేకు వచ్చారు, 1889లో బడి పెట్టారు. వారి తొలి వైద్యులలో ఒకాయన పేరు కార్ల్ మార్క్స్ (మీరనుకునే ఆయన కాదు). ఈ డాక్టరు 1891లో లేలోనే కన్నుమూశాడు. విమానమూ లేని, ఆక్సిజన్ సిలిండరూ లేని రోజుల్లో వాళ్లు నెలల తరబడి నడిచి ఎక్కారు. ఎత్తు వాళ్లను అంతగా బాధించకపోవడానికి ఆ నిదానం కూడా ఒక కారణమై ఉంటుందని మేము మాట్లాడుకున్నాము.

ఇక ఆ అబ్బాయి సంగతి. మేమున్న గెస్ట్‌హౌస్‌లో బెంగళూరు నుండి వచ్చిన ఐదుగురు కుర్రవాళ్లు దిగారు. ఒకడిది ధర్మవరం వైపు. మా మాట వినగానే "ఆంటీ, మీరు మనూరోళ్లా?" అంటూ వచ్చి కూర్చున్నాడు. రోజూ జిమ్‌కు వెళ్లే ఒళ్లు. విమానం దిగిన సాయంత్రమే శాంతిస్తూపం మెట్లు పరుగున ఎక్కారట. మరునాడు బైకుల మీద ఖార్‌దుంగ్ లా వెళ్లివచ్చారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని కెలుకుతున్నాడు గానీ తినడం లేదు. "తల నొప్పిగా ఉందా నాయనా?" అని అడిగితే, "ఏం కాదాంటీ, కొంచెం పట్టేసింది, అంతే. రేపు పాంగాంగ్ పోవాల, బండికి డబ్బు కట్టేసినాం" అన్నాడు. స్నేహితులకు చెప్పవద్దని కూడా బతిమాలాడు. మేము ఊరుకోలేదు. ఆ నలుగురినీ పిలిచి, వీడిని రాత్రంతా ఒంటరిగా పడుకోనివ్వవద్దనీ, తెల్లవారి ప్రయాణం వద్దనీ గట్టిగా చెప్పాము.

రాత్రి రెండు గంటలకు తలుపు కొట్టారు. పిల్లవాడు పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కదలకుండా ఉన్నా ఆయాసమే. దగ్గు, పెదవులు నీలం. వీపు మీద చెవి పెడితే గరగర శబ్దం. వేలికి ఆక్సీమీటరు పెడితే 61. ఎత్తు వలన ఊపిరితిత్తులలోకి నీరు చేరడం అంటే ఇదే. గంటలు ఆలస్యమైతే ప్రాణం పోతుంది. నడిపించకుండా కుర్చీలోనే మోయించి, గెస్ట్‌హౌస్ వారి బండిలో సోనమ్ నోర్బూ ఆసుపత్రికి చేర్చాము. అక్కడి సిస్టర్లు ఇటువంటి కేసులు బాగా ఎరిగినవారు. ఒక్క ప్రశ్న అడగకముందే ఆక్సిజన్ మాస్కు పెట్టారు. తెల్లవారేసరికి 88కి వచ్చింది. మూడు రోజుల తరువాత డాక్టర్లు విమానంలో ఢిల్లీకి దింపేశారు. అంత మంచి ఒళ్లు కదా, వాడికెందుకు వచ్చింది అని స్నేహితులు అడిగారు. ఒంట్లో బలానికీ దీనికీ సంబంధం లేదు. బలమున్నవాడు ఎక్కువ తిరుగుతాడు, ఎక్కువ దాచుకుంటాడు, అందుకే వాడికి ముప్పు ఎక్కువ.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఆ అమ్మాయి, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్, ముందు భువనగిరి బండ మీద, తరువాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో సాధన చేసి, చివరి యాత్రకే నెలన్నరకు పైగా పట్టించుకున్నారు. పగలు పైకి ఎక్కడం, పడుకోవడానికి కిందికి దిగడం, ఇదే పర్వతారోహకుల పద్ధతి. మీ పిల్లలు పూర్ణ పేరు చెబితే ఈ రోజుల లెక్క కూడా చెప్పండి.

లక్షణాలు గుర్తుంచుకోండి. కొత్త ఎత్తుకు చేరిన మొదటి రోజు, రెండవ రోజు తలనొప్పి, దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, నిస్సత్తువ, తలతిప్పు వస్తే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. ఉన్నచోటే ఆగాలి. తగ్గేదాకా ఇంకొక అడుగు పైకి వేయరాదు. కూర్చున్నా ఆయాసం, వదలని దగ్గు, నురగ కఫం వస్తే ఊపిరితిత్తులకు సోకినట్టు. మాట తడబడటం, మగతగా ఉండటం, మడమ ముందు మడమ పెట్టి గీత మీద నడవమంటే తూలడం, ఇవి మెదడు వాచిన గుర్తులు. ఈ రెంటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే కిందికి దించాలి, ఆక్సిజన్ పెట్టాలి. తెల్లవారనీ అని ఆగరాదు. ఆక్సీమీటరు అంకె ఒక్కటే చూసి భయపడవద్దు, నిశ్చింతగానూ ఉండవద్దు. అక్కడ ఆరోగ్యవంతులకే మొదటి రోజు 85, 90 మధ్య చూపుతుంది. మనిషిని చూడాలి.

10,000 అడుగులు దాటిన తరువాత నిన్న పడుకున్న చోటు కంటే ఈ రోజు పడుకునే చోటు 1,600 అడుగులకు మించి ఎత్తు ఉండరాదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి అదనంగా ఒక రోజు ఆగాలి. ఈ లెక్కన లే నుండి 14,000 అడుగుల పాంగాంగ్ సరస్సు దగ్గర పడుకోవడానికి తొందరపడకూడదు. మేము ముందు నుబ్రా లోయకు వెళ్లాము. దారిలో ఖార్‌దుంగ్ లా దాటాలి గానీ, లోయ మాత్రం లే కంటే తక్కువ ఎత్తు. కనుమ మీద పది నిముషాలు ఆగి దిగిపోయాము. అక్కడ టీ తాగుతూ గంట కూర్చున్నవాళ్లు తరువాత తల పట్టుకున్నారు.

ఎసిటజోలమైడ్ మాత్ర ముందురోజు నుండి వేసుకుంటే జబ్బు వచ్చే అవకాశం తగ్గుతుంది. డాక్టరు వ్రాసిస్తేనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం మామూలే. నిద్రమాత్రలు, సారాయి బొత్తిగా పనికిరావు. మనవాళ్లు యాత్రలకు కర్పూరం మూటకట్టి వాసన చూస్తుంటారు. దానివలన ప్రాణవాయువు పెరగదు. పిల్లలు నోట్లో వేసుకుంటే మూర్ఛ వస్తుంది, కాబట్టి ఇంట్లోనే వదలండి. చేతిలో పట్టుకునే ఆక్సిజన్ డబ్బాలు కొద్ది నిముషాలకే అయిపోతాయి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, గుంపులో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

లడఖ్ పోనివారికి కూడా ఇదంతా వర్తిస్తుంది. కేదార్‌నాథ్ 11,700 అడుగులు, అమర్‌నాథ్ గుహ 12,700 అడుగుల పైన. మీ ఇరుగుపొరుగువారు యాత్రకు బయలుదేరితే ఈ పత్రిక వారికి ఇవ్వండి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భవతులు, క్షయ తగ్గినా ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లలో ఏండ్లు పనిచేసి దుమ్ము పీల్చినవారు టికెట్టు కొనకముందే డాక్టరును కలవాలి. చక్కెర వ్యాధివారు ఇన్సులిన్‌ను బ్యాగులో కాక చొక్కా లోపల పెట్టుకోవాలి, గడ్డకడితే అది పనికిరాదు. రక్తపోటు మాత్రలు మానరాదు.

మన ప్రాంతపు ఆడవారిలో రక్తహీనత చాలా ఎక్కువ. ఎత్తులో తక్కువ ప్రాణవాయువును మోయడానికి రక్తమూ తక్కువైతే రెండు కష్టాలు ఒక్కసారే వస్తాయి. హిమోగ్లోబిన్ పరీక్షకు ప్రయాణం వారం ముందు కాదు, రెండు మూడు నెలల ముందే రండి. ఇనుము మాత్రలు పనిచేయడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.