వంపు వీణకు విశ్వవిద్యాలయం

అమరావతి శిల్పాలలో విల్లువలె వంగిన వీణను ఒడిలో నిలుపుకొని మీటుతున్న సంగీతకారిణులు కనిపిస్తారు. సముద్రగుప్త చక్రవర్తి తన నాణెములపై వాయిస్తున్నది కూడ అట్టి వీణయే. మధ్య భారతంలో పర్ధాన్ గాయకుల వద్ద మిగిలిన ఒక చిన్న రూపాన్ని మినహాయిస్తే, భారతదేశంలో ఆ వాద్యం ఏనాడో మూగవోయింది. బర్మాలో అది నేటికీ పలుకుతూనే ఉంది. అచట దాని పేరు 'సౌంగ్ గౌక్'. పడవ ఆకారపు దారుపేటికపై లేడిచర్మం బిగించి, చండ్రచెట్టు వేరుతో వంపుకొమ్మును అమర్చి, పట్టుతంత్రులు కట్టేవారు. ఇప్పుడు నైలాను తంత్రులు వచ్చాయి.

ఈ విద్య బర్మాలో మిక్కిలి ప్రాచీనమైనది. 802లో ప్యూ రాజ్యం నుండి చైనా చక్రవర్తి కొలువుకు వెళ్లిన 35 మంది కళాకారుల బృందంలో వైణికులున్నారు. 1767లో బర్మా సేనలు సయాం రాజధాని అయుథ్యను జయించి, అచటి నటులను, గాయకులను తమ దేశానికి తరలించాయి. వారి రామాయణ నాటకం, వారి బాణీలు బర్మా కళలో కలిసిపోయాయి. ఆ బాణీలను వీణకు మలచి, తంత్రుల సంఖ్యను 13కు పెంచిన ఘనత మ్యావదీ మంత్రి ఊ సా (1766–1853)కు దక్కింది.

ఈ కళ రాజాశ్రయంలో పెరిగింది. 1885లో ఆంగ్లేయులు మాండలేను ఆక్రమించి తీబా రాజును రత్నగిరికి పంపివేయడంతో ఆ ఆశ్రయం ఒక్కసారిగా కూలిపోయింది. విద్వాంసులు చెల్లాచెదరైనారు. స్వరలిపి లేని విద్య కనుక గురువుతోపాటు కీర్తన కూడ గతించే ప్రమాదం ఏర్పడింది.

1948లో స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది సంవత్సరాలకే ప్రభుత్వం రంగూన్‌లోను, మాండలేలోను కళాపాఠశాలలను నెలకొల్పింది. అయితే, బోధన మాత్రం పాతపద్ధతిలోనే సాగింది. విద్యార్థి తొలుత వీణను తాకడు. ఒకచేత 'సీ' అనే చిరుతాళాలు, మరొకచేత 'వా' అనే వెదురుచిడత పట్టి, తాళం తప్పక పాడడం నేర్వాలి. మొదటి పాఠాలు 13 'చో' కీర్తనలు. ఆ మాటకు 'తంత్రి' అని అర్థం. ఇవి కంఠస్థమైన పిదపనే 'మహాగీత' అనబడే శాస్త్రీయ గీతభాండారంలోకి ప్రవేశం.

1993లో రంగూన్‌లోను, 2001లో మాండలేలోను సాంస్కృతిక విశ్వవిద్యాలయాలు వెలిశాయి. సంగీతం, నాట్యం, చిత్రలేఖనం, శిల్పం పట్టపరీక్షకు పఠనీయాంశాలైనాయి. ఒకనాడు రాజుగారి దయపై ఆధారపడిన వైణికునికి పట్టము, ఉపాధ్యాయపదవి లభించే మార్గం ఏర్పడింది.

ఈ లాభం వెంట ఒక నష్టం కూడ ఉన్నది. పూర్వం ఒకే కీర్తనను ఒక్కొక్క గురువు ఒక్కొక్క తీరున పలికించేవాడు. పరీక్షకు, పోటీకి ఒకే ప్రామాణిక పాఠం కావాలి. ప్రభుత్వం అట్టి పాఠాన్ని నిర్ణయించిన కొలది తక్కిన పాఠాలు వెనుకబడినాయి. వ్రాసి ఉంచడం వలన కీర్తన నిలుస్తుంది. కాని గురువు అప్పటికప్పుడు చేర్చే గమకం వ్రాతకు లొంగదు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారాన్ని చేజిక్కించుకొనిన తరువాత దేశమంతటా ఉన్నతవిద్య అల్లకల్లోలమైంది. 2025 మార్చి 28 నాటి భూకంపం మాండలేను తీవ్రంగా దెబ్బతీసింది. ఇట్టి విద్యకు కొన్ని సంవత్సరాల విరామం కూడ ప్రమాదకరమే. వృద్ధుడైన గురువు వేచియుండలేడు. విద్యార్థి చేతివ్రేళ్లు అభ్యాసం లేక మొద్దుబారుతాయి.

అమరావతి శిల్పి వీణ రూపాన్ని దాదాపు రెండువేల ఏండ్లు చెడకుండ కాపాడినాడు. ఆ స్త్రీలు మీటిన పాట ఏదో చెప్పగలవారు నేడు ఎవరూ లేరు. మాండలే గురువులు తమ శిష్యులచేత చిడతలు పట్టించి మొదటి 'చో' పాడించడం మానకపోవడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.