విశ్రాంతిలో పాత ఇంజను

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక శకటం ఒకటి ఉన్నది. ఇంగ్లండులో తయారై, నిజాం రాష్ట్ర రైల్వే సేవలో ఉండి, అనంతరం రాజధానికి చేరినది. 1964లో ప్రారంభమైన స్టేట్స్‌మన్ వింటేజి కార్ల ర్యాలీలో అది పాల్గొన్నది కూడా. నూరేళ్లు దాటిన యంత్రం రోడ్డెక్కితే అందరూ చప్పట్లు కొడతారు. ఏడాదిలో మిగిలిన రోజులు అటువంటి ఇంజను ఎట్లు నిలిచి ఉంటుందన్నది మాత్రం ఎవరూ అడగరు.

2021 నాటి మోటారు వాహన నిబంధనల సవరణ ప్రకారం యాభై ఏళ్లు దాటిన వింటేజి వాహనాన్ని నిత్యం నడపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతులకు తీసుకువెళ్లవచ్చు. కనుక అటువంటి కారుకు విశ్రాంతియే ప్రధాన జీవితం.

విదేశీ గ్రంథాలు నీరు గడ్డకట్టి ఇంజను దిమ్మ పగులుతుందని హెచ్చరిస్తాయి. ఢిల్లీలో ఆ భయం దాదాపు లేదు. ఇక్కడి శత్రువు శ్రావణ భాద్రపదాల ఉక్క, పుష్యమాసపు పొగమంచు. సిలిండరు గోడకు పిస్టను రింగు తుప్పుతో అతుక్కుంటే దిమ్మను మళ్లీ బోరింగు చేయించక తప్పదు. తొంభై ఏళ్లనాటి దిమ్మకు మారు దిమ్మ దొరకదు.

వారానికొకసారి ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపే అలవాటు పలువురికి ఉన్నది. నా అభిప్రాయంలో ఇంతకన్న హాని వేరొకటి లేదు. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కనిచో అందులో కొంత లోపలే చెమ్మగా నిలిచి, నూనెలో కలిసి, ఆమ్లాలకు తోడవుతుంది.

అందుచేత చివరిసారి కారును పది పదిహేను కిలోమీటర్లు నడిపి, వేడిమీదనే పాత నూనెను దింపివేయవలెను. వాడిన నూనెతో నిలిపితే అందులోని ఆమ్లాలు బేరింగులను తినివేస్తాయి. కొత్త నూనె పోసి కొద్దిసేపు తిప్పితే అది అంతటా చేరుతుంది. 2023లో ప్రవేశపెట్టిన ఇరవై శాతం ఇథనాలు పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు, కార్కు భాగాలకు పడదు. కనుక ట్యాంకును, కార్బురేటరు గిన్నెను ఖాళీ చేయుట మేలు.

ఇంజను చల్లారిన పిదప ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు శుభ్రమైన నూనె పోసి, హ్యాండిలుతో నెమ్మదిగా తిప్పవలెను. ఆస్టిన్ సెవెన్ వంటి సైడ్‌వాల్వ్ ఇంజన్లలో కవాటాలు సిలిండరు పక్కన ఉంటాయి. పోసిన నూనె అక్కడే ఆగిపోవచ్చు. వంపు గొట్టం గల సిరంజితో పిస్టను వైపునకే పంపవలెను. రేడియేటరులో వట్టి నీరు ఉంచరాదు. తుప్పు నిరోధక ద్రవమైనా నింపాలి, లేదా పూర్తిగా దింపివేయాలి. బ్యాటరీ తీసి వేరుగా ఛార్జిలో పెట్టుకోవచ్చు.

పొగగొట్టాన్ని, గాలి ద్వారాన్ని నూనె గుడ్డతో మూయవలెను. తేమతో పాటు ఎలుకలకూ అది అడ్డు. ఇంజనులో నూనె ఉన్నదనీ, గొట్టాలు మూసి ఉన్నాయనీ, రేడియేటరు ఖాళీ అనీ ఒక అట్టముక్కపై వ్రాసి, తేదీ వేసి, స్టీరింగుకు కట్టవలెను. మరల తీసే రోజున తాళంచెవి మీ అబ్బాయి చేతిలో ఉండవచ్చును.