చింతచిగురు – పెద్ద వంటశాలలు



చైత్రము వచ్చినది. కాయ దులిపిన చింతకొమ్మలకు లేజిగురు తొడిగినది. వేపచెట్టు క్రింద వాకిలి యంతయు పూవులు పఱచుకొన్నవి. మన తల్లులనాడు ఇవి అంగడి సరకులు కావు. ఇంటి పిల్ల చేట పట్టుకొని పోయి కోసి తెచ్చిన చిగురు ఆపూట పప్పులో పడెడిది. నేడు హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరములలోని హోటళ్లవారును, పెండ్లివంటలు గుత్తకు చేయువారును ఈ చిగురునే గంపలకొలది కోరుచున్నారు. మన యింటి రుచికి గౌరవము కలిగినందులకు సంతోషింపవలసినదే. కాని అది ఏ చేతులమీదుగా, ఏ తీరున వచ్చుచున్నదో మనము విచారింపవలదా?

మా వారు పనిచేయు పాఠశాల ఆవరణమున నొక పాత చింతచెట్టు కలదు. ఏటేట నొక అవ్వ తెల్లవాఱుజామున వచ్చి, అందిన కొమ్మ వంచి, చిగురు గిల్లి, గంపలో తడిగుడ్డ పఱచి నింపుకొని సంతకు పోయెడిది. గత సంవత్సరము ఒక గుత్తదారు పట్టణపు భోజనశాలకు చిగురు కావలెనని వచ్చి, మనుష్యులను చెట్టెక్కించి కొమ్మలనే నఱికించెను. కొంతసేపటిలోనే గోనెలు నిండినవి. లారీ మధ్యాహ్నమునకు గాని రాలేదు. విప్పి చూడగా గోనెలలోని చిగురు వేడెక్కి కమిలిపోయినది. సగము మా వీథిలోనే పాఱవేసిరి. నేను అరుగుమీదనుండి చూచుచునే యుంటిని గాని అడ్డుపడనైతిని.

ఒంటిపూట బడులనాళ్ల పిల్లలకు నీడ లేకపోయెను. ఈయేడు కాయయు పలుచబడెను. చింతకు పూవు కొత్తరెమ్మలకే పూయును. రెమ్మను గిల్లక కొమ్మను నఱికినచో మఱుసటియేటి చింతపండునుగూడ నఱికినట్లే. మొన్న అవ్వ వచ్చి పైకి చూచి, “అమ్మా, ఇంక నాకు అందే కొమ్మ లేదు” అని వట్టిగంపతో మరలిపోయినది.

అడవిసీమలలో ఇప్పపువ్వు సంగతియు నిట్టిదే. ఆ పువ్వు రాత్రివేళ రాలును. గిరిజన స్త్రీలు వేకువనే పోయి ఏఱుకొందురు. పువ్వు కనబడుటకై క్రింది యెండుటాకులకు నిప్పు పెట్టు నలవాటు కొన్నియెడల కలదు. అది కార్చిచ్చుకు దారితీయుచున్నది. చెట్టుక్రింద వలయో గుడ్డయో పఱచినచో నిప్పుతో పనియుండదు. 2006 సంవత్సరపు అటవీహక్కుల చట్టము ఇట్టి చిన్న అటవీఫలసాయముపై హక్కును తరతరములుగా అడవి నాశ్రయించి జీవించువారికే యిచ్చినది. కావున పెద్ద వంటశాలలవారు ఏఱిన చేతులకు చెందవలసిన వెల చెందునట్లు చూచి కొనుట న్యాయము.

ఇక వంటవారికి తెలియవలసిన మాటలు కొన్ని కలవు. చిగురు ఉదయముననే కోయించి, గాలి తగులు గంపలలో తెప్పింపవలయును, గోనెలో కుక్కరాదు. వాహనములు విరివిగా తిరుగు బాటప్రక్క చెట్టు చిగురు ధూళిపొగలు పట్టియుండును గాన దానిని మానవలయును. చిగురును అరచేతులతో నలిపి, ఈనెలను చెఱిగివేయవలయును. కందిపప్పు మెత్తగా ఉడికిన పిమ్మటనే చిగురు వేయవలయును; ముందుగా వేసినచో పులుపువలన పప్పు ఉడుకదు. కళాయి లేని ఇత్తడి గుండిగలో పులుపు వండుట ఆరోగ్యమునకు హాని. మిగిలిన చిగురును నీడన ఆరబెట్టి పొడిచేసికొనవచ్చును. వేపపువ్వునుగూడ చెట్టుక్రింద వస్త్రము పఱచి రాల్చుకొని, నీడన ఎండించి, వలసినపుడు నేతిలో వేయించుకొనవచ్చును.

ఈ మాటలు వంటవారికే గదా యని మీరనవచ్చును. కాని వైశాఖమున మన యిండ్లలో పెండ్లిండ్లు జరుగును. వంటకముల పట్టిక వ్రాయునపుడు మగవారు మనలనే అడుగుదురు. “చింతచిగురు పప్పు” అని చెప్పునప్పుడే, “చేత గిల్లిన చిగురే తేవలయును, కోసినవారికి రోజుకూలి తగ్గింపరాదు” అని మఱియొక మాట చేర్చుడు. వెల కొంత హెచ్చునేమో, వడ్డన కొంత తగ్గునేమో. అంతమాత్రమున పెండ్లికి లోటు రాదు.

మా బడి చింతకు మరల రెమ్మలు వచ్చుచున్నవి. అవి అవ్వచేతికి అందువఱకు వానిపై కత్తి పడకుండ చూచెదమని మా వారును నేనును నిశ్చయించుకొంటిమి. మీ వాకిటి చెట్టును మీరు కాపాడుకొనుడు.