ఊపిరి చెప్పే ప్రేవుల కబురు

బర్నబీలో మనవారి పండుగ విందులలో ఒక దృశ్యం తరచు కనబడుతుంది. అందరూ గుత్తివంకాయ కూర, పప్పు వడ్డించుకొంటూ ఉండగా ఒకరిద్దరు మాత్రం కాసింత పెరుగన్నంతో సరిపెట్టుకొని, "గ్యాస్ ట్రబులండీ" అని నవ్వి ఊరుకొంటారు. ఆ నవ్వు వెనుక ఏళ్ళ తరబడి అనుభవించిన కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలో మలబద్ధకమో ఉండవచ్చు. పరీక్షలలో ఏ లోపమూ కనబడదు. ఈ బాధకే వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐ.బి.ఎస్.) అని పేరు పెట్టారు. చిన్న ప్రేవులో బాక్టీరియా అతిగా పెరగడమే దీనికి కారణమనీ, ఊపిరిని పరీక్షిస్తే ఆ సంగతి తేలిపోతుందనీ ఒక వాదం కలదు. నేను వైద్యుడను కాను, రసాయన శాస్త్రజ్ఞుడను. అయితే ఆ పరీక్షకు ఆధారం రసాయన శాస్త్రమే గనుక దానిని గురించి నాలుగు మాటలు చెబుతాను.

పెద్ద ప్రేవులోని ఒక్క మిల్లీలీటరు ద్రవంలో సుమారు పదివేల కోట్ల బాక్టీరియా నివసిస్తాయి. చిన్న ప్రేవు మొదటి భాగంలో సాధారణంగా వెయ్యికి మించవు. జఠరంలోని ఆమ్లం, పైత్యరసం వాటిని అదుపులో ఉంచుతాయి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకొకసారి ప్రేవులో పుట్టే సంకోచ తరంగాలు మిగిలినవాటిని కిందికి ఊడ్చివేస్తాయి. శస్త్రచికిత్స వల్లనో, మధుమేహంతో నరాలు దెబ్బతినడం వల్లనో ఈ ఏర్పాటు చెడితే బాక్టీరియా అక్కడే తిష్ఠ వేస్తాయి.

మన శరీర కణాలు హైడ్రోజన్ వాయువును తయారు చేయలేవు. ప్రేవులలోని బాక్టీరియా చక్కెరలను పులియబెట్టినప్పుడే అది పుడుతుంది. రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటకు వస్తుంది. కొన్ని సూక్ష్మజీవులు నాలుగు హైడ్రోజన్ అణువులను ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుతో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. మీథేన్ ఎక్కువగా ఉన్నవారిలో మలబద్ధకం తరచు కనబడుతుంది. పరీక్షలో 75 గ్రాముల గ్లూకోజు గాని, 10 గ్రాముల లాక్టులోజు గాని తాగిస్తారు. 90 నిమిషాలలోపల ఊపిరిలోని హైడ్రోజన్ పదిలక్షలకు 20 పాళ్ళు పెరిగితే అనుమానించాలని 2017లో ఉత్తర అమెరికా నిపుణులు నిర్ణయించారు.

2000లో లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్-సైనాయ్ వైద్యశాలలో మార్క్ పిమెంటెల్ బృందం లాక్టులోజుతో 202 మంది ఐ.బి.ఎస్. రోగులను పరీక్షించగా 157 మందిలో అతివృద్ధి ఉన్నట్లు తేలింది. కాని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చిన్న ప్రేవులోని ద్రవాన్నే తీసి, మిల్లీలీటరుకు లక్ష అనే పాత గీటురాయితో చూడగా, రోగులలోనూ ఆరోగ్యవంతులలోనూ నూటికి నలుగురిలో మాత్రమే అతివృద్ధి కనబడింది. ఇంత తేడా ఎందుకు? లాక్టులోజు చిన్న ప్రేవులో జీర్ణం కాదు. అది త్వరగా పెద్ద ప్రేవుకు చేరితే అక్కడ సహజంగా ఉండే బాక్టీరియాయే హైడ్రోజన్ పుట్టిస్తాయి. మన కెనడాలోనే, కింగ్‌స్టన్ నగర పరిశోధకులు 2011లో ఈ సంగతినే చూపించారు. గ్లూకోజు పైభాగంలోనే రక్తంలో కలిసిపోతుంది గనుక ఈ పొరపాటు తక్కువ. కాని కిందిభాగంలోని అతివృద్ధి దానికి చిక్కకపోవచ్చు.

మరొక చిక్కు కూడా ఉన్నది. మన చిత్తూరు జిల్లావారికి చిరపరిచితమైన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు 1972లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న దక్షిణ భారతీయుల చిన్న ప్రేవులలో కూడా పాశ్చాత్యులకన్న ఎక్కువ బాక్టీరియా ఉన్నాయి. కనుక "అతి" అన్న మాటకు హద్దు అన్ని చోట్లా ఒకటి కాదు.

మరి మందు మాటేమిటి? రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ చాలవరకు రక్తంలో కలవక ప్రేవులలోనే ఉండిపోతుంది. మలబద్ధకం లేని ఐ.బి.ఎస్. రోగులకు దానిని రెండు వారాలు ఇచ్చి చూసిన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. మందు తిన్నవారిలో నూటికి 41 మందికి, ఉత్త మాత్ర తిన్నవారిలో 32 మందికి ఉపశమనం కలిగింది. అంటే మందు వల్ల అదనంగా మేలు పొందినవారు నూటికి తొమ్మిదిమంది. ఆ మేలు నిజమే, కాని అందరికీ కాదు. బాధ తిరగబెట్టడమూ కద్దు.

కనుక స్వదేశం వెళ్ళినప్పుడు చీటీ లేకుండా కొన్న యాంటీబయాటిక్ మాత్రలను పెట్టెలో తెచ్చుకొని, కడుపు ఉబ్బినప్పుడల్లా మింగడం మంచిది కాదు. మందుకు లొంగని బాక్టీరియాను మనమే పెంచిన వారమవుతాము. అంతకన్న ముఖ్యం, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ, ఇవి ఉంటే గ్యాసు అని సరిపెట్టుకోకూడదు. వెంటనే వైద్యునికి చెప్పాలి. ఊపిరి పరీక్ష ఒక సాక్ష్యం మాత్రమే. మిగిలిన సాక్ష్యాలన్నీ రోగి నోటినుండే రావాలి. విందులో నవ్వి ఊరుకొన్నట్లు వైద్యుని ముందు ఊరుకోరాదు.