బెదిరింపు వచ్చిన రాత్రి పిల్లవాడు ఎవరి దగ్గరకు వెళ్తాడు?

2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు పాఠాలు ఫోనులోకి వచ్చాయి. బడులు తెరిచారుగానీ ఫోను పిల్లల చేతిలోనే ఉండిపోయింది. హోంవర్కు సైతం వాట్సాప్‌లోనే వస్తోంది. కాబట్టి ఫోను ఇవ్వాలా, వద్దా అన్న ప్రశ్న చాలా ఇళ్ళలో దాటిపోయింది.

కళ్ళు, నిద్ర గురించి తల్లిదండ్రులకు కొంత తెలుసు. ఏడాది లోపు బిడ్డకు తెర చూపనే వద్దని, 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అన్నం తినిపించడానికి ఫోను పెట్టే అమ్మలూ, అమ్మమ్మలూ దీన్ని గమనించాలి. బడి పిల్లలు పగటి వెలుగులో ఆరుబయట ఆడుకుంటే దూరపు చూపు మందగించే ప్రమాదం తగ్గుతుంది. రాత్రిపూట ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగుకు పెట్టండి, నాన్నగారి ఫోనుతో సహా!

అంతగా తెలియని ప్రమాదం మరొకటుంది. ఆటలోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఒక 'అమ్మాయి' పరిచయమవుతుంది. నాలుగు తీపి మాటలయ్యాక తన ఫోటో పంపి, నీదీ పంపమంటుంది. పిల్లవాడు పంపిన మరుక్షణం అవతలి గొంతు మారుతుంది. "డబ్బు పంపు, లేకపోతే మీ అమ్మకూ, మీ క్లాసు వాళ్ళందరికీ ఇది పంపిస్తాను." అవతల ఉన్నది అమ్మాయే కాదు, డబ్బు గుంజే ముఠా. ఎక్కువగా 14 నుంచి 17 ఏళ్ళ మగపిల్లలే ఇందులో చిక్కుతున్నారని అమెరికా ఎఫ్‌బిఐ హెచ్చరించింది. మగపిల్లవాడికి ఏమవుతుందిలే అనుకునే ఇళ్ళు మన దగ్గరా చాలా ఉన్నాయి.

ఆ మోసగాడి బలమంతా "మీ అమ్మకు చెప్తాను" అన్న మాటలోనే ఉంది. చెబితే చావగొడతారనీ, ఫోను లాక్కుంటారనీ పిల్లవాడు భయపడినంతసేపే ఆ బెదిరింపు పనిచేస్తుంది. అందుకే ఏమీ జరగకముందే, ఈ వారమే, పిల్లలతో స్పష్టంగా అనండి: "ఎంత తప్పు జరిగినా ముందు నాకు చెప్పు. నిన్ను కొట్టను, నీ ఫోను తీసుకోను." అన్నాక మాట నిలబెట్టుకోవాలి. ఇది చెప్పినంత సులభం కాదు.

నిజంగానే జరిగితే డబ్బు మాత్రం పంపకండి. ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు. కంగారులో మెసేజీలు చెరిపేయకండి, అవే సాక్ష్యం. అవతలి ఖాతా పేరు, డబ్బు అడిగిన నంబరు రాసి పెట్టుకుని 1930కి ఫోను చేయండి. పిల్లల సహాయవాణి 1098 కూడా ఉంది. బిడ్డ ఫోటోను బంధువులకుగానీ, బడివారికిగానీ పంపకండి. పిల్లల అసభ్య చిత్రాలను పంచుకోవడం ఐటీ చట్టం 67బి ప్రకారం నేరం. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ కూడా ఉంది. అందులో ఫోటో మీ ఫోను దాటదు. దాని డిజిటల్ వేలిముద్ర లాంటిది మాత్రమే వెళ్తుంది. దాన్నిబట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి ఆ ఫోటోను గుర్తించి తొలగించగలవు.

ఉపాధ్యాయులకూ ఒక మాట. ఇలాంటి సంగతి తెలిశాక బడి పరువు కోసం లోలోపల సర్దుబాటు చేయడం కుదరదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పిల్లవాడి పేరు బయటకు రానివ్వకూడదు. అసెంబ్లీలో నిలబెట్టి మందలించడం, తరగతి వాట్సాప్ గ్రూపులో చర్చించడం వైద్యుల దృష్టిలో రెండో గాయం.

హఠాత్తుగా మాట తగ్గించినా, అన్నం మానేసినా, ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నా పక్కన కూర్చుని అడగండి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే దాన్ని బెదిరింపుగా తీసుకోవద్దు. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఆసుపత్రికి తీసుకురండి. దారిలో ఉండగానే 14416 టెలిమానస్‌కు ఫోను చేయవచ్చు. రాత్రి ఏ వేళయినా తెలుగులో మాట్లాడతారు. ఖర్చు లేదు.