ఆగస్టు 14న ఫైట్ అన్నాడు.. మర్నాడే బ్రేక్ పడింది! ఫ్యూరీ-జాషువా పోరును ఆపేసిన ఆ ఒక్క క్లాజ్ కథేంటి?

హెవీవెయిట్ బాక్సింగ్‌లో పంచ్‌లు పడేది రింగ్‌లోనే. కానీ ఆ రింగ్‌లోకి ఎవరు దిగాలి, ఎప్పుడు దిగాలి, ఎంత తీసుకోవాలి అన్నది తేలేది మాత్రం లాయర్ల ఆఫీసుల్లో. 2021లో టైసన్ ఫ్యూరీ, ఆంథోనీ జాషువా ఫైట్ ఆగిపోయిన తీరు చూస్తే ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

అది 2021 మే 16, ఆదివారం. ఫ్యూరీ సోషల్ మీడియాలో ఓ వీడియో వదిలాడు. ఆగస్టు 14న సౌదీ అరేబియాలో జాషువాతో ఫైట్ ఫిక్స్ అయిపోయిందని చెప్పేశాడు. ఇద్దరూ బ్రిటన్ బాక్సర్లే. ఫ్యూరీ దగ్గర డబ్ల్యూబీసీ బెల్ట్ ఉంది. జాషువా దగ్గర డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ బెల్టులున్నాయి. అంటే గెలిచినవాడికి నాలుగు బెల్టులూ దక్కుతాయి. ఫ్యాన్స్ పండగ చేసుకున్నారు. సరిగ్గా ఒక్క రోజు గడిచింది. సోమవారం అమెరికా నుంచి వచ్చిన వార్తతో సీన్ మొత్తం మారిపోయింది. సెప్టెంబర్ 15లోగా ఫ్యూరీ ముందు డియోంటే వైల్డర్‌తో తలపడాల్సిందేనని ఆర్బిట్రేటర్, రిటైర్డ్ జడ్జి డేనియల్ వైన్‌స్టీన్ తేల్చేశారు.

ఇంతకీ మధ్యలో ఈ వైల్డర్ ఎక్కడి నుంచి వచ్చాడు?

2020 ఫిబ్రవరి 22న లాస్‌వేగాస్‌లో ఫ్యూరీ చేతిలో వైల్డర్ ఏడో రౌండ్‌లోనే ఓడిపోయాడు. అంతకుముందు 2018 డిసెంబర్‌లో జరిగిన వీళ్లిద్దరి తొలి ఫైట్ డ్రా అయింది. రెండో ఫైట్ కాంట్రాక్ట్‌లో ఓ షరతు ఉంది. ఓడినవాడు కావాలంటే మూడో ఫైట్ అడగొచ్చు. దీన్నే రీమ్యాచ్ క్లాజ్ అంటారు. వైల్డర్ ఆ హక్కు వాడుకున్నాడు. 2020 జులైలో మూడో ఫైట్ పెడదామనుకున్నారు. కరోనా వచ్చింది. అక్టోబర్ అన్నారు, ఆ తర్వాత డిసెంబర్ అన్నారు. చివరికి కాంట్రాక్ట్ గడువు దాటిపోయింది కాబట్టి తమ దారి తాము చూసుకుంటామని ఫ్యూరీ వర్గం చెప్పేసింది. వైల్డర్ ఊరుకుంటాడా? నా హక్కు నాకే ఉందంటూ మధ్యవర్తి దగ్గరికి వెళ్లాడు.

అసలు విచిత్రం ఇక్కడే ఉంది. ఆ కేసు ఒకపక్క నడుస్తూనే ఉంది. మరోపక్క 2021 మార్చిలో ఫ్యూరీ, జాషువా రెండు ఫైట్ల డీల్‌పై సంతకాలు చేశారు. ఈ విషయం జాషువా ప్రమోటర్ ఎడ్డీ హెర్న్ స్వయంగా ప్రకటించారు. పాత అప్పు తేలకుండానే అదే ఇంటికి కొత్త బేరం కుదుర్చుకున్నట్టు అయింది. తీర్పు వైల్డర్‌వైపు రాదనే నమ్మకంతోనే ఈ లెక్క వేసుకున్నారు. ఆ నమ్మకమే తప్పింది.

అప్పుడు మిగిలింది ఒకటే దారి. వైల్డర్‌కు డబ్బిచ్చి పక్కకు తప్పించడం. బాక్సింగ్‌లో ఇది మామూలే. దీన్ని స్టెప్ అసైడ్ మనీ అంటారు. ఫైట్ ఆడకుండా పక్కన నిలబడినందుకు ఇచ్చే సొమ్మన్నమాట. వైల్డర్ వర్గం 2 కోట్ల డాలర్లు అడిగిందని ఫ్యూరీ అమెరికా ప్రమోటర్ బాబ్ ఆరమ్ చెప్పారు. అంత ఇచ్చేది లేదని కూడా తెగేసి చెప్పారు. దాంతో జాషువా ఫైట్ అటకెక్కింది.

ఎక్కువ నష్టపోయింది జాషువానే. ఆ కాంట్రాక్ట్ గొడవతో అతనికి సంబంధమే లేదు. కానీ ఫ్యూరీ ఫైట్ పోగానే డబ్ల్యూబీఓ నిబంధన ప్రకారం ఒలెక్సాండర్ ఉసిక్‌తో తలపడాల్సి వచ్చింది. సెప్టెంబర్ 25న లండన్‌లోని టోటెన్‌హామ్ స్టేడియంలో జరిగిన ఆ ఫైట్‌లో ఓడి మూడు బెల్టులూ పోగొట్టుకున్నాడు. ఫ్యూరీ మాత్రం అక్టోబర్ 9న వైల్డర్‌ను 11వ రౌండ్‌లో నాకౌట్ చేశాడు. అదీ అంత ఈజీగా ఏమీ జరగలేదు.. నాలుగో రౌండ్‌లో ఫ్యూరీ రెండుసార్లు కిందపడ్డాడు.

రీమ్యాచ్ క్లాజ్ ఎప్పుడూ జాషువాకు శత్రువేం కాదు. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో, ఆఖరి నిమిషంలో వేరొకరి స్థానంలో వచ్చిన ఆండీ రూయిజ్ చేతిలో జాషువా ఓడాడు. అప్పుడు ఇదే క్లాజ్ కాపాడింది. రెండో ఫైట్ సౌదీలో అనేసరికి రూయిజ్ మొదట ససేమిరా అన్నాడు. కాంట్రాక్ట్ చూపించారు, రాక తప్పలేదు. డిసెంబర్ 7న దిరియాలో జాషువా బెల్టులు తిరిగి గెలుచుకున్నాడు. అందుకే పెద్ద స్టార్లు ఈ షరతు లేకుండా సంతకం పెట్టరు. ఓడినా ఇంకో పెద్ద పేమెంట్ గ్యారంటీ కదా!

మరి రెండు వర్గాలకూ రేటు కుదరకపోతే? అక్కడ పర్స్ బిడ్ ఉంటుంది. టైటిల్ ఇచ్చే సంస్థ ఓ తేదీ పెడుతుంది, ప్రమోటర్లు సీల్డ్ కవర్లలో తమ రేటు రాసిస్తారు. ఎక్కువ రాసినవాడిదే ఫైట్. 2022 జనవరిలో ఫ్యూరీ, డిలియన్ వైట్ ఫైట్‌కు ఫ్రాంక్ వారెన్ 4 కోట్ల 10 లక్షల 25 వేల డాలర్లు రాశారు. అప్పటి రేటులో దాదాపు 300 కోట్ల రూపాయలు. పోటీకి వచ్చిన హెర్న్ కంపెనీ 3.22 కోట్ల డాలర్ల దగ్గరే ఆగింది. అందులో 10 శాతం గెలిచినవాడికి బోనస్. మిగిలినదాంట్లో ఫ్యూరీకి 80 శాతం, వైట్‌కు 20 శాతం. అంటే వైట్‌కు దాదాపు 74 లక్షల డాలర్లు. ఈ వాటా మీద వైట్‌కు మంట. సంతకం పెట్టాక కూడా తొలి ప్రెస్‌మీట్‌కు రాలేదు!

వాటాల గొడవ పీక్స్‌కు వెళ్లింది మాత్రం 2023 మార్చిలో. ఉసిక్‌తో ఫైట్‌కు తనకు 70, ఉసిక్‌కు 30 శాతం అని ఫ్యూరీ వీడియో పెట్టాడు. ఒప్పుకోవడం ఒక్కో రోజు లేటైతే ఒక్కో శాతం కట్ అన్నాడు. చేతిలో మూడు బెల్టులున్న ఉసిక్ అదే రోజు సరేనన్నాడు. ఉక్రెయిన్‌కు 10 లక్షల పౌండ్లు ఇవ్వాలని మాత్రం అడిగాడు. వాటా తేలిపోయింది, ఇక ఫైట్ ఖాయం అనుకున్నారంతా. రెండు వారాలు తిరక్కుండానే చర్చలు ఆగిపోయాయి. ఏప్రిల్ 29న వెంబ్లీలో జరగాల్సిన ఫైట్ పోయింది. అప్పుడు పీటముడి పడినవాటిలో రీమ్యాచ్ షరతులూ ఉన్నాయి.

ఇలాంటి గొడవలు బాక్సింగ్‌లోనే ఎందుకంటే, ఇక్కడ క్రికెట్‌లో ఐసీసీలా ఒక్క పెద్ద బోర్డు లేదు. నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు, ఎవరి ర్యాంకింగ్స్ వారివి. ఒక్కో బాక్సర్‌కు ఒక్కో ప్రమోటర్, ఒక్కో టీవీ కంపెనీతో డీల్. పైగా ప్రతి సంస్థా ఫలానా చాలెంజర్‌తో ఇన్నాళ్లలోగా ఆడాలని ఆర్డర్ వేస్తుంది. సొంత కాంట్రాక్ట్ ఒకవైపు, ఆ ఆర్డర్ మరోవైపు లాగితే బాక్సర్ ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

ఉసిక్‌కు అదే జరిగింది. 2024 మే 18న రియాద్‌లో ఎట్టకేలకు ఫ్యూరీని ఓడించి నాలుగు బెల్టులూ గెలిచాడు. కాంట్రాక్ట్‌లో ఫ్యూరీతో రీమ్యాచ్ ఉంది. ఐబీఎఫ్ చాలెంజర్ క్యూలో ఉన్నాడు. రీమ్యాచ్ కోసం జూన్‌లోనే ఐబీఎఫ్ బెల్ట్ వదిలేశాడు. అది రింగ్‌లో ఒక్క పంచ్ పడకుండానే డేనియల్ డుబ్వాకు వెళ్లిపోయింది. డిసెంబర్‌లో ఫ్యూరీని మళ్లీ ఓడించిన ఉసిక్, ఆ బెల్ట్ వెనక్కి తెచ్చుకోవడానికి 2025 జులై 19 దాకా ఆగాడు. వెంబ్లీలో ఐదో రౌండ్‌లో డుబ్వాను నాకౌట్ చేశాడు.