జలమునుండి వచ్చిన గోవు



కోనసీమలో గోమహిమను గూర్చి ప్రసంగించినపుడెల్ల సభలో ఒకరైనను లేచి ఒక ప్రశ్న వేయుచుందురు. "గోవు నీటిలోనుండి పుట్టినదని మా పెద్దలు చెప్పుకొనెడివారు. ఇది శాస్త్రవచనమా, లేక అవ్వలు చెప్పుకొను కథయా?" అని. అవుననియో కాదనియో ఒక్కమాటలో చెప్పిన వారికి తృప్తి కలుగును గాని విషయము తేలదు. శ్రుతి యేమి చెప్పినదో, పురాణములేమి చెప్పినవో, జానపదులేమి చెప్పుకొనుచున్నారో వరుసగా చూతము. చూచిన పిమ్మట లంకగ్రామములవారికి మిక్కిలి అవసరమైన ధర్మవిషయము ఒకటి కలదు. అది చెప్పుటకే ఈ ప్రసంగము.

ముందుగా మన భాషనే చూడుడు. సాధువైన ఆవును గంగిగోవు అందుము. సంక్రాంతికి ఇంటిముందు తల యూపుచు నిలుచు ఎద్దు గంగిరెద్దు. ఆవు మెడక్రింద వ్రేలాడు మడత గంగడోలు. ఈ మూడు మాటలలోను గంగపేరు వినబడుచున్నది. తర్కశాస్త్రము చదువుకొన్నవారికి ఈ గంగడోలు చిరపరిచితమే. సంస్కృతమున దీనిని 'సాస్న' యందురు. గోవునకు లక్షణము చెప్పుమని విద్యార్థి నడిగిన, సాస్న గలది గోవు అని చెప్పవలయును. కొమ్ములు గేదెకును కలవు, మేకకును కలవు. గోవును గోవుగా నిలుపునది ఆ మడతయే. దానికి తెలుగువారు గంగపేరు పెట్టుకొనిరి! ఇక అమరకోశమున నానార్థవర్గము చూచినచో గోశబ్దమునకు స్వర్గము, వాక్కు, కిరణము, భూమి మొదలగువానితోపాటు జలమనియు అర్థము చెప్పబడినది. కావున గోవునకును నీటికిని గల సంబంధము అవ్వలు కల్పించినది కాదు.

వేదమునకు వత్తము. ఋగ్వేదమున ప్రథమ మండలము ముప్పదిరెండవ సూక్తము ఇంద్రుని వృత్రవధను కీర్తించును. వృత్రుడు జలములను చుట్టుకొని కదలనీయక పడియుండెను. ఇంద్రుడు వజ్రముతో వానిని కొట్టగానే, అంబారావములు చేయుచు దూడలకొరకు పరుగెత్తు పాడియావులవలె ఆ జలములు సముద్రమువైపు సాగినవని ఋషి దర్శించెను. ఆ సూక్తముననే ఇంకొక ఉపమానము కలదు. పణులు గోవులను నిరోధించినట్లు వృత్రుడు నీటిని నిరోధించెనట. ఈ పణులెవరు? దేవతల గోవులను అపహరించి గుహలో దాచిన లోభులు. దశమ మండలమున నూటయెనిమిదవ సూక్తమున సరమ యనెడి దేవశుని ఆ గోవుల జాడ వెదకుచు రస యను నదిని దాటి పోవును. నది కావల గోవులు, వానిని విడువనొల్లని పణులు, విడిపింప వచ్చిన దూత. ఇదియే ఆ సంవాదము. తృతీయ మండలమున విశ్వామిత్రుడు విపాట్ శుతుద్రీ నదులను చూచి, దూడను నాకు తల్లియావులవంటివని పలికెను. వేదమున నీరును గోవును వేర్వేరుగా కనబడినను వాని కష్టమొక్కటే, కట్టివేయబడుట. వాని సుఖమును ఒక్కటే, విడువబడుట. ఈ మాట శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక.

పురాణేతిహాసములలో గోవు జలమునుండి వచ్చిన కథ అందరెరిగినదే. క్షీరసాగరమథనమున సురభి ఆవిర్భవించెను. ఐతే ఆ సురభి యెచ్చట నివసించునో చాలమంది యెరుగరు. రామాయణ ఉత్తరకాండలో రావణుడు దిగ్విజయము చేయుచు వరుణుని ఆలయమునకు పోయి, అచ్చట ఎడతెగక పాలు స్రవించు సురభిని చూచెను. మహాభారత ఉద్యోగపర్వమున మాతలి తన కుమార్తెకు వరుని వెదకుచు నారదునితో పాతాళలోకములు తిరిగినపుడు, రసాతలమున సురభియు, నాలుగు దిక్కులను భరించు ఆమె కుమార్తెలు సురూప, హంసిక, సుభద్ర, సర్వకామదుఘ అనువారును ఉన్నట్లు నారదుడు చెప్పెను. అనగా గోవులకు పుట్టినిల్లు జలాధిపతియైన వరుణునిది. హరివంశమున మరొక కథ కలదు. కశ్యపప్రజాపతి యజ్ఞము నిమిత్తము వరుణుని గోవులను తెచ్చుకొని, పని ముగిసిన పిమ్మట తిరిగి యీయక నిలుపుకొనెను. వరుణుడు బ్రహ్మతో మొరపెట్టుకొనెను. ఆ దోషముచేతనే కశ్యపుడు భూలోకమున వసుదేవుడై గోవులనడుమ జన్మింపవలసి వచ్చెను. ప్రజాపతికైనను నీటిదొర గోవు ఎరువుసొమ్మే గాని స్వంతము కాలేదు.

దానఖండములలో జలధేనువు అని ఒకటి కలదు. మత్స్యపురాణమున గుడధేనువు, ఘృతధేనువు, తిలధేనువు మొదలుగా పది ధేనువులు చెప్పబడినవి. వానిలో ఇదియొకటి. పూర్ణకుంభమును తల్లిగా, చిన్న కలశమును దూడగా భావించి దానమీయవలయును. ఆవును దానమీయలేని బీదవానికి ఇది తరుణోపాయమని కొందరందురు. అంతమాత్రమే యని మాకు తోచదు. నిండుకుండను గోవుగా భావింపగలవాడే గోవును నిండుకుండగా చూడగలడు.

ఇక మన గోదావరి. గౌతమమహర్షి పొలమున మేయుచున్న గోవును దర్భతో అదిలింపగా అది పడిపోయెననియు, ఆ పాపము పోగొట్టుకొనుటకై శివుని మెప్పించి గంగను తెచ్చెననియు మనవారందరెరుగుదురు. బ్రహ్మపురాణమున ఆ గోవు పార్వతీదేవి చెలికత్తెయైన జయ. విఘ్నేశ్వరుని ప్రేరణచే ఆ రూపము ధరించెను. మన ప్రాంతమున దానిని మాయగోవు అందురు. కొవ్వూరున గోష్పాదక్షేత్రము ఈ కథకు గుర్తుగానే నిలిచియున్నది. అచ్చట గోవు గిట్ట ఆనిన చోట గోదావరి పారినదని జనులు నమ్ముదురు. 2015వ సంవత్సర పుష్కరములలోను ఆ రేవున స్నానమాడినవారనేకులు. గోష్పదమను మాటకు పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమే చేసెను. గోవులు తిరుగాడు చోటునకును, తిరుగని చోటునకును, కొలతకును ఆ పేరు చెల్లునని ఆయన మతము. ఆవుగిట్ట గుంట నిండునంత వాన కురిసినదని చెప్పుట ప్రాచీనుల వాడుక. హనుమంతుడు సముద్రమును గోష్పదమువలె దాటెనని స్తుతించునపుడు మనము వాడునది ఆ కొలతయే. అంత చిన్న గుంటనుండి ఇంత పెద్ద నది వచ్చినదని కొవ్వూరువారు చెప్పుచున్నారు. విన సొంపుగా నున్నది గదా!

ఇట్టి కథలు మనకు మాత్రమే ఉన్నవని యనుకొనరాదు. ఆంగ్లము నేర్చిన మా శిష్యులొకరు వేల్సు దేశపు కథలు చదివి వినిపించిరి. అచ్చట చెరువులనుండి తెల్లని గోవులు వెలువడునని పల్లెప్రజల నమ్మకమట. బార్వోగ్ అను సరస్సు దగ్గర ఒక రైతు అట్టి గోవును పట్టి పెంచెను. దాని సంతతిచేత ధనవంతుడయ్యెను. ముసలిదైన పిమ్మట దానిని కోయించబోయెను. కటికవాడు చేయెత్తగానే ఆ చేయి చచ్చుపడినది. ఆకుపచ్చని వస్త్రము ధరించిన స్త్రీ గట్టుమీద నిలిచి పిలువగా, ఆవు తన సంతానమునంతయు వెంటబెట్టుకొని సరస్సులో దిగిపోయెను. వారికి వేదము తెలియదు, వరుణుడు తెలియడు. అయినను నీటిసొమ్మును స్వంతమనుకొన్నవాడు దానిని పోగొట్టుకొనుననుట వారికిని తెలిసినది.

కొందరు యువకులు సముద్రపు ఆవు అను ప్రాణి నిజముగా ఉన్నదనియు, పురాణములలోనిది అదియే కావచ్చుననియు వాదింతురు. ఆ ప్రాణి ఉన్నమాట వాస్తవమే. పాక్ జలసంధిలోను, మన్నారు సింధుశాఖలోను సముద్రపుగడ్డి మేయుచు జీవించును. దాని రక్షణకై 2022లో తమిళనాడు ప్రభుత్వము ఒక ప్రాంతమును ప్రత్యేకించినది. అది కాపాడదగినదే. ఐనను కొమ్ములు లేని, గిట్టలు లేని, అన్నింటికి మించి గంగడోలు లేని దానిని సురభి యనుట తర్కమునకు నిలువదు.

మన కోనసీమ గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రము హద్దుగా, వైనతేయ మధ్యగా ఏర్పడిన నేల. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, మెడలో దండలు వేసి పూజించుట ఇచ్చట ఇంటింటి ఆచారము. ఆ దినముననే మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటలో ఏకాదశరుద్రులు కూడుదురు. అచ్చట గుడి లేదు. పదునొకండు గ్రామముల దేవరలు ప్రభలమీద విచ్చేయుదురు. గంగలకుర్రు అగ్రహారపు వీరేశ్వరుని ప్రభను భుజములమీద నెత్తుకొని కౌశికను దాటించుట చూచితీరవలసినది. 2023వ సంవత్సరమున గణతంత్ర దినోత్సవమున ఈ ప్రభలతీర్థమే ఆంధ్రప్రదేశ్ శకటముగా ఢిల్లీనగరమున ప్రదర్శింపబడినది. పశువుల పండుగనాడు వృషభవాహనుడు నీటికి అడ్డముగా నడచివచ్చుటలో పెద్దలు ఏమి యుద్దేశించిరో చెప్పువారు లేరు గాని, ఆ దృశ్యము మాటలకంటె ఎక్కువ చెప్పును.

ఇప్పుడు మొదట చెప్పెదమన్న ధర్మవిషయము. ఈ నేలను పెంచినది గోదావరి. ముంచునదియు గోదావరియే. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించినది. 2022 జూలైలో మరల 25 లక్షలకు మించినది. ఈ రెంటినడుమ 1996 నవంబరు తుపాను సముద్రము వైపునుండి వచ్చిపడినది. లంకలలో మేత సమృద్ధి. అందుచేత పశువులును ఎక్కువ. నీరు వచ్చునపుడు మనుష్యులు పడవలెక్కి ఏటిగట్టునకు చేరుదురు. పశువులలో కొన్ని చేరును, కొన్ని చేరవు. చేరని దానిని గూర్చి "గంగలో కలిసినది" అందుము. "గంగమ్మసొమ్ము, గంగమ్మయే తీసికొన్నది" అని ఓదార్చుకొనువారును కలరు. నీటినుండి వచ్చిన గోవు నీటికే పోయినదని జలగోవు కథను ఇచ్చట అడ్డుపెట్టుకొందురు.

ఇది తగదు. ఆవునకు ఈత ఎవరును నేర్పనక్కరలేదు. ఏటికి అడ్డముగా ఈది అవతలిగట్టు చేరిన పశువులను లంకవాసులందరు చూచియే యుందురు. మునిగిపోవునది తరచుగా పాకలో గుంజకు కట్టియున్నది. దాని మెడలో పలుపు ఉన్నంతవరకు అది ఈదలేదు. వరుణుని గోవులు వరుణునింటికి పోయినవని చెప్పుకొనుటకు, వానిని కట్టినది వరుణుడు కాదు. వేదము ఇంద్రుని స్తుతించినది విడిపించినందుకు. కట్టియుంచినవారు పణులు, వృత్రుడు. ఆ కథలో మనమే పక్షమున నున్నామో చూచుకొనవలయును.

ధర్మశాస్త్రము ఈ విషయమున మౌనముగా లేదు. పరాశరస్మృతి తొమ్మిదవ అధ్యాయమంతయు గోరక్షణమును గూర్చినదే. గోవు మరణమునకు నాలుగు కారణములు అచ్చట చెప్పబడినవి. నిర్బంధించుట, త్రాటితో కట్టుట, కాడికి పూన్చుట, కొట్టుట. కొట్టి చంపినవానికి పూర్ణప్రాయశ్చిత్తము. నిర్బంధముచే చనిపోయిన పాదము, కట్టుచే చనిపోయిన సగము. కొట్టలేదు గనుక పాపము లేదని తప్పించుకొనుటకు దారి లేదు. కట్టివేసి మరచిపోయినవాడును లెక్కలోనివాడే. ఈ స్మృతికి భాష్యము వ్రాసిన మాధవాచార్యులు, వేదభాష్యకర్త సాయణాచార్యుల సోదరులు. వృత్రకథకు అర్థము చెప్పినవారును, పలుపుకు ధర్మము చెప్పినవారును ఒక్క ఇంటివారే.

ఆ అధ్యాయముననే కోనసీమవారు ఉలిక్కిపడవలసిన మాట యొకటి కలదు. గోవును కొబ్బరితాటితో కట్టరాదట! జనపతాడు, వెండ్రుకలతాడు, ముంజగడ్డి తాడు, నారతాడు, గొలుసు, ఇవియు కూడవు. ఒకవేళ కట్టినచో, కట్టినవాడు గొడ్డలి చేతబట్టుకొని దగ్గర నిలువవలయునని పరాశరుడు విధించెను. గొడ్డలి యెందుకు? ఆపద వచ్చిన తక్షణము తాడు నరుకుటకు. దర్భతోగాని రెల్లుతోగాని పేనిన తాటితో కట్టవచ్చునని చెప్పెను. అట్టి తాడు ప్రాణభయమున గింజుకొన్న ఆవునకు తెగును. కొబ్బరిపీచు తాడు నీట నానినను తెగదు. ఇప్పటి నైలాను తాడు సంగతి చెప్పనక్కరలేదు.

రెల్లు మన లంకలలో కావలసినంత పెరుగుచున్నది. కాని ఈ దినములలో రెల్లుతాడు పేనుకొనుమని చెప్పిన వినువారు లేరని మేమెరుగుదుము. అందుచేత లంకగ్రామముల గృహస్థులకు ఇంతమాత్రము విన్నవించుచున్నాము. శ్రావణ భాద్రపదములలో పలుపును కట్టుముడిగా కాక, ఒక్క లాగుతో వచ్చు జారుముడిగా వేయుడు. పాకనుండి ఏటిగట్టునకు పోవు దారిని ఆవునకు ముందే అలవాటు చేయుడు. ధవళేశ్వరమున హెచ్చరిక యెగురవేసిరని విన్ననాటి రాత్రి, పడవ దొరకునో లేదో అను చింతకు ముందే పలుపులు విప్పుడు. దూడను మొదట విప్పినచో తల్లి దానిని విడిచి పోదు. తల్లిని మొదట విప్పినచో అది దూడకొరకు మరల పాకలోనికి వచ్చును. కావున రెంటిని ఒక్కసారి విప్పవలయును. కొబ్బరితోట గలవారి యింట కత్తి లేకుండునా? ఆ కత్తిని వానకాలము నాలుగు నెలలు వంటింటి చూరులో కాక, పశువులపాక గుంజకు చేతికందునట్లు వ్రేలాడదీయుడు.